జూవెట్ దొరగారి నిరీక్షణ

మిరపకోతకు పోలేక ఏండ్ల తరబడి నొప్పితో మంచము పట్టినవారిని దర్శించునప్పుడెల్ల మాకు లైమన్ జూవెట్ దొరగారు జ్ఞప్తికి వచ్చుదురు. వారు 1849లో నెల్లూరు చేరిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున, భార్యతోను కొద్దిమంది విశ్వాసులతోను ఒంగోలు కొండ యెక్కి ఈ సీమకొరకు ప్రార్థించిరి. 1862లో ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్లవలసివచ్చెను. అక్కడ మిషనువారు ఫలము లేదని నెల్లూరు పనిని మూయ తలపెట్టగా, తాము ఒంటరిగానైనను తిరిగి పోయెదమని వారు పట్టుబట్టిరి. 1865లో క్లౌ దొరగారితో మరల వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థనకు ఆ ఫలము కనబడుటకు 24 ఏండ్లు పట్టెను.

పౌలుగారి ముల్లు తొలగలేదు గాని కృప చాలెను (2 కొరింథీ. 12). బాధలోనున్న సహోదరులారా, సహోదరీలారా, మంచము మీదనుండి మీరు చేయు ప్రార్థనయు వ్యర్థము కాదు.