బాల్యమే బడియైన చిత్రకారుడు: అడివి బాపిరాజు

భీమవరమనగానే వరిచేలు, కాలువలు, చేపల చెరువులు మనకు స్ఫురించును. ఒక్క మనిషిలో చిత్రకారుని, నవలాకారుని, గేయకర్తను, దేశసేవకుని తెలుగువారి కొసగినదియు ఆ పట్టణమే. ఆయన అడివి బాపిరాజుగారు. నవలల పేరు చెప్పినంత వేగముగా ఆయన చిత్రముల పేర్లు మన విద్యార్థులు చెప్పలేరు. కాని కుంచెను విడిచి ఆ కలమును గ్రహించుట సాధ్యము కాదు.

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భీమవరమున జన్మించిరి. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట ఆనాటికే డెల్టా రూపమును మార్చివేసినది. కాలువలపై పడవలు నడచుచుండెను. పంట ఇల్లు చేరిన పిదప పల్లెలకు తీరిక చిక్కుచుండెను. ఆ తీరికవేళలలోనే గంగిరెద్దులవారు, హరిదాసులు, జంగములు, తోలుబొమ్మలవారు ఊరూర తిరుగుచుండిరి. ఇండ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీరెడిది. ముంగిట ముగ్గు వెలసెడిది.

నాటి పల్లె పిల్లలకు చిత్రశాలలు లేవు. వారికి తోలుబొమ్మల తెరయే చిత్రశాల. పలుచని తోలుపై ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు దిద్ది, వెనుక దీపముంచిన, రాముడును రావణుడును తెరపై వెలుగుచుండెడివారు. గీతకు గల బలము, రంగునకు వెలుగిచ్చు ప్రాణము, కథకును బొమ్మకును గల చుట్టరికము పిల్లలకు తెలియకుండగనే అబ్బుచుండెను. బొమ్మ, పాట, కథ అను మూడింటిని జీవితాంతము విడదీయని బాపిరాజుగారు పెరిగినది ఇట్టి వాతావరణమున.

భీమవరమున ఉన్నత పాఠశాల చదువు ముగించి ఆయన రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో చేరిరి. అచ్చట ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ఆంగ్లేయుడైనను గోదావరిని ప్రేమించినవాడు. స్వయముగా చిత్రకారుడు, కవి. ఏటి ఒడ్డును, పల్లె జనమును కన్నులార చూచి గీయుడని శిష్యులను ప్రోత్సహించినవాడు. దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నము, కవికొండల వెంకటరావు మున్నగువారు ఆ నీడనే ఎదిగిరి. తమ ఊరు, తమ జనము చిత్రమునకు తగిన వస్తువులని ఆ యువకులకు ధైర్యము కలిగినది.

బాపిరాజుగారు మదరాసున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. కాని వకీలు వృత్తి ఆయనను కట్టివేయలేదు. సహాయ నిరాకరణోద్యమమున పాల్గొని 1922లో కారాగార శిక్ష ననుభవించిరి. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీకి శిష్యులై, నీటిరంగులను పొరపొరగా తడిపి పరచు వంగదేశ పద్ధతిని అభ్యసించిరి.

ఇచ్చట ఆనాటి ఆంధ్ర చిత్రకళకే ఒక చిక్కు ఎదురైనది. పడమటి పద్ధతిని అనుకరించినచో మనది కాదు. వంగ పద్ధతిని అనుకరించినను పూర్తిగా మనది కాదు. ఆంధ్రుని చిత్రమనిపించుకొనునది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగనే దామెర్ల 1925లో, ఇరువదియెనిమిదేండ్లైన నిండక, కన్నుమూసిరి. ఆ బరువులో కొంత బాపిరాజుగారి భుజములపై పడినది.

ఆయన ఒక్క కాగితముపైననే బదులు వ్రాయలేదు. విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలకు బొమ్మలు గీసిరి. గుంటూరులో చిత్రకళ నేర్పిరి. 1930లలో తాము చదివిన బందరు కళాశాలకే ప్రధానాచార్యులైరి. జనమునకు ప్రియమైన క్రొత్త కళ చలనచిత్రమని గుర్తించి, దానిని చిన్నచూపు చూడక, అనసూయ, ధ్రువవిజయము, మీరాబాయి చిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. 1936లో వచ్చిన మొదటి రెండింటిలో బాలబాలికలే నటించుట విశేషము. తోలుబొమ్మలలో పిల్లలు చూచు పురాణకథ వెండితెరపై పిల్లల చేతనే ఆడబడినది.

నవలలలోను ఆయన చిత్రకారుడే. కోనసీమ జీవితమును చిత్రించిన నారాయణరావు నవల 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథవారి వేయిపడగలుతో పంచుకొన్నది. హిమబిందు, గోన గన్నారెడ్డి నవలలలో పూర్వాంధ్రము వర్ణమయమై నిలిచినది. గోదావరి వరదపై ఆయన వ్రాసిన పాట వినినవారికి పొంగుచున్న ఏరు కంటికి కట్టును. ఊరిని విడిచి మదరాసు, హైదరాబాదు చేరినను, హైదరాబాదున మీజాన్ పత్రికకు సంపాదకత్వము వహించినను, ఆ ఏరు ఆయనను విడువలేదు.

జీవితాంతమున 1951లో సింహళమునకు పోయి సిగిరియా కొండపైని ప్రాచీన చిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి. మరుసటి యేడు సెప్టెంబరు 22వ తేదీన, ఏబదియేడు నిండకమునుపే, పరమపదించిరి.

పెక్కు కళలలో చేయి పెట్టుటచే ఏ ఒక్కదానికిని ఆయన పూర్తిగా దక్కలేదని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కుంచెకు చెందవలసిన యేండ్లు పత్రికలకు, కొలువులకు పోయినవి. కాని బొమ్మయు పాటయు కథయు ఒకే తెరపై ఆడు సీమలో పెరిగినవానిని ఒక్కదానినే ఎన్నుకొమ్మనుట న్యాయమగునా?

నేడు తోలుబొమ్మల తెరలు అరుదైనవి. గంగిరెద్దు సన్నాయి పండుగనాడైనను వినబడుట తగ్గినది. ఉపాధ్యాయులు బాపిరాజుగారి జీవితమును బోధించునపుడు తేదీలతో సరిపెట్టక, పిల్లలచేత తమ ఊరి జాతరను, కాలువగట్టును, అమ్మమ్మ ముగ్గును గీయించవలెను. ఆ మహనీయునకు అదియే తగిన స్మృతిచిహ్నము.