ఎల్లారెడ్డి ఎమ్మెల్యే ఈశ్వరీబాయి

కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగే మాలో చాలామందికి జె. ఈశ్వరీబాయి గారి పేరు తెలియదు. 1918లో దళిత కుటుంబంలో పుట్టిన ఆమె టీచరుగా పనిచేస్తూ, 1951లో సికింద్రాబాద్ చిలకలగూడ నుంచి కౌన్సిలర్ అయ్యారు. రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి ఆమెను గెలిపించింది; 1972లోనూ మళ్లీ గెలిపించింది. పార్టీ చిన్నదే, కానీ సభలో ఆమె లేచారంటే మంత్రులు జవాబు వెతుక్కోవాల్సిందే.

1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవదహనం చేశారు. ఆ రోజుల్లోనే దళితులను కించపరిచిన ఒక మంత్రికి ఆమె నిండు సభలో చెప్పు చూపించారు. సభామర్యాద అంటారు గానీ, ముందు తప్పింది మంత్రి నోరే కదా! 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకూ వెళ్లారు. 1991 ఫిబ్రవరిలో కన్నుమూశారు.