విలియం రాక్స్‌బర్గ్

ఆవపూవును చేతికి తీసికొని నిదానముగా చూడుడు. నాలుగు రేకులు శిలువ ఆకారమున అమరియుండును. వాని నడుమ ఆరు కేసరములు కలవు. నాలుగు పొడవైనవి, రెండు పొట్టివి. ఈ గుర్తు నెరిగినవారు కొండచరియపై కనబడిన క్రొత్త పూవును గూడ ఆవాల కుటుంబములోనిదని పోల్చుకొనగలరు. కాని ఆ కుటుంబములో అది ఏ మొక్కయో నిర్ణయించుట కష్టము. అట్టి పనికి జీవితమును ధారపోసిన శాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. ఆతనిని భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పలువురు పేర్కొందురు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రమును అభ్యసించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా చెన్నపట్టణము చేరి, 1781లో గోదావరి సీమయందలి సామర్లకోటకు వచ్చెను. అచట తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క మున్నగువానిని పెంచెను. వర్తకమునకు లాభించు మొక్కలే కంపెనీవారికి కావలెను. ఆతనికి మాత్రము ప్రతి మొక్కయు తెలిసికొనదగినదిగానే తోచెను.

సర్కారు జిల్లాల కొండలనుండియు, అడవులనుండియు లభించిన మొక్కలను ఆతడు వాడిపోకముందే పరిశీలించెడివాడు. రేకులను, కేసరములను లెక్కించెడివాడు. కాయను కోసి గింజల అమరిక చూచెడివాడు. ఆ ప్రాంతపు జనులు పిలుచు తెలుగు పేరును, మొక్క ఉపయోగమును వ్రాసికొనెడివాడు. దేశీయ చిత్రకారులచే దాని రూపమును చిత్రింపజేసెడివాడు.

ఇట్లుండగా 1787లో కోరంగి తీరమున ఘోరమైన ఉప్పెన వచ్చెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్స్‌బర్గ్ ఏండ్ల తరబడి కూర్చుకొన్న గ్రంథములు, వ్రాతప్రతులు, ఎండుమొక్కలు నీటిపాలయ్యెను. మరియొకడైనచో ఆ పనిని అంతటితో విడిచియుండును. ఆతడు మరల మొదటినుండి ప్రారంభించెను.

సర్కారు కొండలలో పెరుగు సోమిద చెట్టు బెరడు జ్వరమునకు ఔషధమని గ్రహించి, ఆ చెట్టును ఆతడు శాస్త్రలోకమునకు తెలిపెను. తరువాతివారు దాని ప్రజాతికి తెలుగు పేరునుండియే సోయ్‌మిడా అను నామమును స్థిరపరచిరి. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి ఆతడు రచించిన గ్రంథము 1795 మొదలు లండనులో వెలువడి, మూడు సంపుటములుగా, 300 చిత్రములతో 1820 నాటికి పూర్తియయ్యెను.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి యయ్యెను. బంగాళమున సాగగు ఆవమొక్కలను ఒక్కొక్కదానిని వర్ణించి వేరువేరు పేర్లు పెట్టెను. వానిలో కొన్ని ఒకే జాతిలోని భేదములని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పొరపాటును దిద్దుటకు గూడ ఆతని నిశితమైన వర్ణనలు తోడ్పడినవి.

ఆరోగ్యము చెడి 1813లో ఆతడు భారతదేశమును విడిచెను. 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. భారతదేశపు మొక్కలనుగూర్చిన ఆతని మహాగ్రంథమును మిత్రుడైన విలియం కేరీ 1832లో మూడు సంపుటములుగా ప్రకటించెను.

ఆతనికై చిత్రములు వ్రాసినవారిలో పెక్కుమంది పేర్లు గ్రంథములకెక్కలేదు. అడవిమొక్కల పేర్లు చెప్పిన గ్రామీణుల పేర్లును అట్లే. ఆ కీర్తిలో వారికిని భాగము కలదు. మన గట్టుమీద పూచిన చిన్న పూవును గూడ లెక్కపెట్టి చూచి, పెద్దలనడిగి దాని పేరు తెలిసికొనుట వారందరి శ్రమను గౌరవించుటయే యగును.