సెయింట్ నికోలస్

సెయింట్ నికోలస్ (సుమారు క్రీ.శ. 270 - 343) ఆసియా మైనరులోని మూర పట్టణానికి బిషప్పుగా పనిచేసిన క్రైస్తవ మతగురువు. అడగలేనివారికి సైతం గుట్టుగా సహాయం చేసినవాడిగా ఈయన ప్రసిద్ధుడు. పాశ్చాత్య దేశాలలో శాంతాక్లాజ్ అనీ, తెలుగునాట క్రిస్మస్ తాత అనీ పిలువబడే పాత్రకు ఈయనే మూలం. తాత కల్పిత పాత్ర, బిషప్పు మాత్రం నిజంగా జీవించిన మనిషి. ఈ ఇద్దరిలో ఎవరి గురించి పిల్లలకు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది క్రైస్తవ కుటుంబాలలో చాలాకాలంగా చర్చకు వస్తున్న విషయం.

== జీవితం ==

నికోలస్ లుకియ ప్రాంతంలోని పతర అనే రేవు పట్టణంలో ధనిక క్రైస్తవ కుటుంబంలో జన్మించాడని సంప్రదాయం చెబుతుంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు అంటువ్యాధితో మరణించగా, తనకు సంక్రమించిన ఆస్తిని పేదలకు పంచిపెట్టాడని అంటారు. పతర, మూర పేర్లు తెలుగు బైబిలు చదివేవారికి కొత్తవి కావు. అపొస్తలుల కార్యములలో పౌలు ప్రయాణాల సందర్భంలో ఇవి రెండూ వస్తాయి. ఖైదీగా రోముకు వెళ్తూ పౌలు ఓడ మారినది మూరలోనే. ఈ రెండు ఊళ్ళూ ఇప్పటి టర్కీ దేశంలో అంతల్యా రాష్ట్రంలో ఉన్నాయి. మూర నేటి పేరు దెమ్రె.

మూరకు అంద్రియాకె అనే రేవు ఉండేది. ఐగుప్తు నుండి రోముకు గోధుమలు తీసుకువెళ్ళే ఓడలు అక్కడ ఆగేవి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన ధాన్యాగారం శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. కాలక్రమేణా ఒండ్రు మేటవేసి ఆ రేవు పూడిపోయింది. మేటల వలన పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగవలసి వచ్చిన ఒకనాటి బందరు రేవు కథ తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. ఒక కరువు సమయంలో నికోలస్ ఈ రేవులో ఆగిన రాజుగారి గోధుమ ఓడల నుండి కొంత ధాన్యం అడిగి తీసుకుని ప్రజలకు పంచాడనీ, ఓడలు గమ్యం చేరాక కొలిచి చూస్తే ధాన్యం తగ్గలేదనీ ఒక కథ ఉంది. నావికులు ఈయనను తమ రక్షకుడిగా భావించడానికి ఇటువంటి కథలే కారణం.

303లో డయోక్లీషియన్ చక్రవర్తి ప్రారంభించిన హింసాకాండలో నికోలస్ చెరసాల పాలయ్యాడనీ, కాన్‌స్టంటైన్ కాలంలో విడుదలయ్యాడనీ చెబుతారు. 325లో జరిగిన నికయా మహాసభలో పాల్గొన్నవారి పేర్ల జాబితాలు కొన్నింటిలో ఈయన పేరు ఉంది, కొన్నింటిలో లేదు. ఆ సభలో అరియస్‌ను చెంపదెబ్బ కొట్టాడన్న ప్రచారం మాత్రం వెయ్యేళ్ళ తరువాత పుట్టినది. సంప్రదాయం ప్రకారం ఈయన 343 డిసెంబరు 6న మరణించాడు.

== ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ ==

బహుమతులిచ్చే తాతగా నికోలస్ మారడానికి మూలం ఈ కథే. ఒకప్పుడు బాగా బ్రతికి చితికిపోయిన ఒక గృహస్థుకు ముగ్గురు కుమార్తెలు. కట్నం ఇచ్చుకోలేక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. చివరకు కూతుళ్ళను పడుపువృత్తికి అప్పగించవలసిన స్థితి వచ్చింది. ఈ సంగతి తెలిసిన నికోలస్ ఒక రాత్రి బంగారు నాణేల మూటను ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి విసిరి వెళ్ళిపోయాడు. పెద్దమ్మాయి పెళ్ళి జరిగింది. మరొకసారి మరొక మూట వచ్చింది, రెండవ అమ్మాయి పెళ్ళి కూడా జరిగింది. మూడవసారి తండ్రి మేలుకొని కనిపెట్టి, వెంటపడి పట్టుకుని కాళ్ళమీద పడ్డాడు. తాను బ్రతికి ఉన్నంతకాలం ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని నికోలస్ అతని చేత మాట తీసుకున్నాడు.

పొగగొట్టం, మేజోళ్ళు వంటివి ఈ కథకు తరువాత చేరిన అలంకారాలు. ఆడపిల్ల కట్నం కోసం పొలం అమ్ముకోవడం ఎరిగిన కృష్ణా డెల్టా పాఠకులకు అసలు కథ దగ్గరగా తోస్తుంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆ బెంగ తీరలేదు. ఇందులో గమనించవలసినది, ఆ ముగ్గురు పిల్లలూ మంచివారా కాదా అని నికోలస్ విచారించలేదు. అవసరాన్ని మాత్రమే చూశాడు. దానం రహస్యంగా ఉండాలన్న మత్తయి సువార్త 6వ అధ్యాయపు బోధకు ఈ కథ ఉదాహరణగా నిలిచింది.

== చరిత్ర, కల్పన ==

నికోలస్ స్వయంగా వ్రాసినది ఏదీ మిగలలేదు. ఈయన గురించిన కథలలో అన్నింటికన్నా పాతది, అన్యాయంగా మరణశిక్ష పడిన వారిని కత్తి వేటు నుండి తప్పించిన వృత్తాంతం. ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ 9వ శతాబ్దంలో మైకేల్ అనే మఠాధిపతి వ్రాసిన జీవితచరిత్రలో ఉంది. అంటే నికోలస్ మరణించిన దాదాపు ఐదు వందల సంవత్సరాల తరువాత వ్రాయబడింది. 6వ శతాబ్దంలో అదే ప్రాంతంలో జీవించిన సీయోను నికోలస్ అనే మరొక బిషప్పు కథలు కూడా ఈయన కథలలో కలిసిపోయాయి. అయితే ఈయన పేరుమీద 6వ శతాబ్దం నాటికే కాన్‌స్టాంటినోపుల్‌లో చర్చి ఉండటం వలన, మూరలో ఇటువంటి బిషప్పు ఉండేవాడని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు.

1087లో ఇటలీలోని బారి నగర నావికులు నికోలస్ అస్థికలను మూర సమాధి నుండి తమ ఊరికి తరలించారు. మిగిలిన ముక్కలను కొన్నేళ్ళకు వెనిస్ వారు తీసుకుపోయారు. 1950లలో బారిలోని ఎముకలను శాస్త్రీయంగా పరిశీలించినప్పుడు ముక్కు ఎముక విరిగి మానిన గుర్తు కనిపించింది.

== తాతగా మారిన వైనం ==

మధ్యయుగంలో ఐరోపాలో డిసెంబరు 6 పిల్లల పండుగ అయింది. 16వ శతాబ్దపు మతసంస్కరణ తరువాత ప్రొటెస్టెంటులు పునీతుల పండుగలను తగ్గించారు. జర్మనీలో లూథరన్లు బాలయేసే బహుమతులు ఇస్తాడని చెప్పసాగారు. దానితో బహుమతుల రోజు క్రిస్మస్‌కు జరిగింది. హాలండులో 17వ శతాబ్దంలో డెల్ఫ్ట్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరాల పాలకులు నికోలస్ పండుగ మిఠాయిలు, బొమ్మల అమ్మకాలపై ఆంక్షలు పెట్టారు. జనం మానలేదు. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరి వర్తకస్థావరం పెట్టుకున్నదీ ఆ శతాబ్దంలోనే. బందరుకోటలోని సమాధులు, వలందపాలెం అన్న పేరు వారి గుర్తులు.

డచ్చివారి సింటర్‌క్లాస్ న్యూయార్కులో శాంతాక్లాజ్ అయ్యాడు. 1823లో ఒక పత్రికలో వెలువడిన గేయం, 1863 నుండి థామస్ నాస్ట్ గీసిన బొమ్మలు, 1931 నుండి కోకాకోలా ప్రకటనలకు హాడన్ సండ్‌బ్లోమ్ వేసిన చిత్రాలు ఆయనకు నేటి రూపాన్ని స్థిరపరిచాయి. సన్నటి బిషప్పు లావుపాటి తాత అయ్యాడు. అంతకన్నా పెద్ద మార్పు, ఇవ్వడానికి షరతు రావడం. తాత మంచి పిల్లల, చెడ్డ పిల్లల లెక్క ఉంచుకుంటాడు.

== పిల్లలకు చెప్పడంపై క్రైస్తవుల అభిప్రాయాలు ==

సద్బుద్ధితో చెప్పినా అబద్ధం పాపమేనని 4, 5 శతాబ్దాల నాటి అగస్టీన్ అబద్ధాలపై వ్రాసిన రెండు గ్రంథాలలో వాదించాడు. తాతను నమ్మించడాన్ని వ్యతిరేకించేవారికి ఇదే ముఖ్యమైన ఆధారం. తాత లేడని తెలిసిన పిల్లవాడు, అదే నోటితో తల్లిదండ్రులు చెప్పిన యేసు సంగతిని కూడా అనుమానిస్తాడని వారి భయం. అన్నీ చూసేవాడు, అందరి మంచిచెడ్డలు ఎరిగినవాడు అన్న దేవుని లక్షణాలను కల్పిత పాత్రకు అంటగట్టడం కూడా వారికి నచ్చదు. 1951 డిసెంబరు 23న ఫ్రాన్సులోని దిజోన్ నగరంలో కథోలిక గురువుల ఆమోదంతో కెథడ్రల్ ముందు, పిల్లలు చూస్తుండగా తాత బొమ్మను తగలబెట్టారు. ఈ సంఘటనపై మానవశాస్త్రవేత్త క్లాడ్ లెవీ స్ట్రాస్ 1952లో ఒక వ్యాసం వ్రాశాడు. బొమ్మను కాల్చడం పిల్లలకు సత్యం నేర్పే పద్ధతి అనిపించుకోదు.

ఇది అబద్ధం కాదు, ఆట అని మరికొందరి వాదం. పిల్లవాడు సూటిగా అడిగినప్పుడు నిజం చెబితే చాలునని వారంటారు. మూడవ మార్గం, తాతను పక్కన పెట్టి నికోలస్ కథనే చెప్పడం. ఈ వాదోపవాదాలలో తరచూ మరుగున పడే విషయం పేదరికం. బహుమతి మంచితనానికి ఫలమని నమ్మిన పేద పిల్లవాడు, పక్కింట్లో సైకిలు, తన ఇంట్లో ఏమీ లేకపోవడం చూసి తానే చెడ్డవాడిననుకుంటాడు. అబద్ధం కన్నా ఇది ఎక్కువ హాని.

== కృష్ణా డెల్టాలో ==

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. వీరి ఆంగ్లికన్ సంఘపు 1662 నాటి ప్రార్థనా గ్రంథం పంచాంగంలో డిసెంబరు 6కు ఎదురుగా బిషప్పు నికోలస్ పేరు ఉంది. అయితే ప్రొటెస్టెంటులు పునీతులకు ప్రార్థన చేయరు గనుక ఆ పేరు పంచాంగం దాటి రాలేదు.

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలలో క్రిస్మస్ తాత అర్ధరాత్రి దొంగచాటుగా రాడు. ఇక్కడి ఇళ్ళకు పొగగొట్టాలు లేవు. ఎర్ర అంగీ, దూది గడ్డం, ముఖానికి తొడుగు పెట్టుకున్న యువకుడు క్యారల్స్ బృందంతో పాటు ఇంటింటికీ వచ్చి, గంతులు వేసి, మతభేదం లేకుండా పిల్లలందరికీ చాక్లెట్లు పంచుతాడు. గొంతును బట్టి అది ఎవరి అన్నయ్యో పిల్లలు పట్టేస్తారు. సరుగుడు కొమ్మ క్రిస్మస్ చెట్టవుతుంది. కొత్తబట్టలు కొన్నది నాన్న అని అందరికీ తెలుసు. ఆ విధంగా ఇక్కడి తాత మొదటినుండీ వేషమే. నిజంగా నమ్మించే పాశ్చాత్య పద్ధతి సినిమాలు, టీవీ, దుకాణాల ద్వారా తరువాత ప్రవేశించినది. కొన్ని సంఘాలవారు తాత వేషాన్నే అంగీకరించరు.

మంచి పిల్లలకే బహుమతి అన్న మాట దివిసీమలో చెప్పడం మరీ కష్టం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అక్కడ వేలమందిని బలిగొంది. అది జరిగిన ఐదు వారాలకే క్రిస్మస్. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు అప్పుడు కావలసినవి బియ్యం, బట్టలు, కప్పు. అవి ఎక్కడెక్కడినుండో, ముఖం తెలియని దాతల నుండి వచ్చాయి.