యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) సుప్రసిద్ధ ఆంధ్ర జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన పేరు వినగానే ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ గుర్తుకు వస్తాయి. ప్రోస్టేటు గ్రంథి రక్తపరీక్షల చరిత్రతోను ఆయన కృషికి సంబంధం ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

బాల్యము, విద్య

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివాడు. ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగువ్యాధితో మరణించారు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో 1922లో అమెరికా చేరాడు.

భాస్వరం కొలత

1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. మాలిబ్డేట్ చేర్చిన ద్రావణం నీలిరంగుకు మారుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫాస్ఫటేజ్ ఎంజైములు పదార్థాలనుండి ఫాస్ఫేటును విడదీస్తాయి కనుక, వాటి చురుకుదనాన్ని లెక్కగట్టడానికి కూడ ఈ పద్ధతి విరివిగా ఉపయోగపడింది. వీటిలో ఆమ్ల ఫాస్ఫటేజ్ ప్రోస్టేటులో అధికం. ఆ గ్రంథి క్యాన్సరు ఇతర అవయవాలకు పాకినపుడు రక్తంలో ఇది పెరుగుతుందని 1938లో గట్‌మన్ దంపతులు చూపారు. ఆ పరీక్షకు సుబ్బారావు కర్త కాడు. ఎంజైములను కొలిచే విద్యకు పునాది వేసినవారిలో ఒకడు.

1980లలో దాని స్థానాన్ని పీఎస్ఏ పరీక్ష ఆక్రమించింది. వయసుతో గ్రంథి సహజంగా ఉబ్బినా, వాచినా పీఎస్ఏ పెరుగుతుంది. కనుక అంకె పెరిగినంతమాత్రాన క్యాన్సరని బెంబేలు పడనక్కరలేదు; వైద్యుడే తేల్చాలి. రాత్రులు పలుమార్లు లేవడం, ధార సన్నబడడం ముసలితనమేనని సిగ్గుతో దాచుకోవడమూ తగదు.

లెడర్లీలో

హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. 1947లో హెట్రజాన్ వెలువడింది. భీమవరం ప్రాంతంలోను, వశిష్ఠకు ఆవలి కోనసీమలోను బోదకాలు, వరిబీజం తరతరాల బెడద. 2004లో దేశమంతటా బోదవ్యాధి నివారణకు పంచిన డీఈసీ మాత్రలు ఈ మందే. మాత్ర మింగినవారిలో ఎందరికి అది పొరుగూరివాని కృషి ఫలమని తెలుసునో!

53వ ఏట, న్యూయార్కులో నిద్రలోనే మరణించాడు. స్వదేశానికి మరల రాలేదు.