పచ్చబొట్టులో నిలిచిన మన్యపు వీరుడు

మన పల్లెలలో అవ్వల ముంజేతులపై పచ్చబొట్లు చూడనివారుండరు. ఒంటిమీది నగలన్నియు ఇచ్చటనే ఉండిపోవును, పచ్చబొట్టు మాత్రమే మనిషి వెంట వచ్చునని వారి నమ్మకము. నేడు కొందరు యువకులు విల్లంబులు దాల్చిన అల్లూరి సీతారామరాజు రూపమును భుజములపై పచ్చబొట్టుగా పొడిపించుకొనుచున్నారు. 1880లో ఉరితీయబడిన నెడ్ కెల్లీ యను బందిపోటు ధరించిన ఇనుప శిరస్త్రాణమును ఆస్ట్రేలియా దేశమున అభిమానులు ఇట్లే పొడిపించుకొందురు. ప్రభుత్వము నేరస్థుడన్నవానిని ప్రజలు తమ ఒంటిపై ఏల నిలుపుకొందురు? అండమానులో నివసించు మనకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది.

సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణపు జిల్లాలోని పాండ్రంగిలో జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. బాల్యముననే తండ్రి గతించెను. పినతండ్రి రామకృష్ణంరాజు సంరక్షణలో కొంతకాలము చదివెను గాని, చదువుపై మనసు నిలువలేదు. తీర్థయాత్రలు చేసి, తుదకు కృష్ణదేవిపేట చేరి సన్యాసివలె జీవించెను. మన్యపు జనులకు మందులిచ్చుచు, తగవులు తీర్చుచు, కల్లు మానుడని బోధించుచు వారిలో ఒకడయ్యెను.

ఆ జనుల కష్టములు కొద్దివి కావు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తాతలనాటి పోడు వ్యవసాయమును నేరముగా చేసెను. ముఠాదారుల హక్కులు సన్నగిల్లెను. రోడ్ల పనికి మన్యము వారిని బలవంతముగా రప్పించి, కూలి సరిగా ఇయ్యకుండిరి. గాము గంతందొర, గాము మల్లుదొర సోదరులు ఈ బాధలను అనుభవించినవారే. వారు రాజునకు కుడిభుజములైరి.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగెను. తుపాకులను, తూటాలను తీసికొనిపోవుటయే గాక, తీసికొన్నదానిని ఠాణా పుస్తకములో వ్రాసి రాజు సంతకము చేసెను. దొంగ చేయు పని కాదిది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచుచున్న భారతీయ జవానులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారులను మాత్రమే కాల్చిరి. ప్రభుత్వము రాజు తలకు 10,000 రూపాయల వెల కట్టినను, మన్యపు గుడిసెలు ఆయనకు చాలకాలము చోటిచ్చెను. 1924లో అస్సాము రైఫిల్సు దళమును రప్పించిరి. ఆ సంవత్సరము మే 7వ తేదీన రాజును పట్టుకొని, విచారణయైనను లేక, కొయ్యూరులో చెట్టునకు కట్టి కాల్చివేసిరి. అప్పటికాయనకు ఇరువదియారేండ్లు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి కలదు. ఒక నెల గడవగనే గంతందొరయు పోరులో నేలకొరిగెను.

ఇక గుర్తుల మాట. పూర్వము బెంగాలు, మద్రాసు రాజధానులలో యావజ్జీవ ఖైదీల నొసట వారి నేరమును పచ్చబొట్టుగా పొడిచెడివారు. 1849లో ఆ క్రూరాచారము రద్దయ్యెను. 1858లో ఈ ద్వీపములలో ఖైదీల వలస ఏర్పడిన పిమ్మట నొసటి గుర్తునకు బదులు మెడలో కొయ్యబిళ్ళ వ్రేలాడెను. ఖైదీ సంఖ్య, శిక్ష వివరములు దానిపై నుండెడివి. అవమానించుటకు దొరతనము వేసిన గుర్తులవి.

1923లో పట్టుబడిన మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మారి, ఆయన ఈ అండమాను చెరకే వచ్చెను. కాలము ఎట్లు తిరిగెనో చూడుడు! ద్వీపాంతరము పంపబడిన ఆ కొండదొరయే 1952లో విశాఖపట్టణమునుండి స్వతంత్ర భారతపు మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. రాజు పేర 1986లో తపాలా బిళ్ళ వెలువడెను. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. పితూరీదారని వ్రాసిన ప్రభుత్వపు కాగితములపైననే ఆ పేరు గౌరవముతో నిలిచినది.

నొసట బలిమిని పొడిచిన గుర్తు మనిషిని చిన్నబుచ్చుటకు. భుజముపై మనసార పొడిపించుకొన్న గుర్తు మనిషిని తలచుకొనుటకు. సూది ఒకటే, తేడా అందున్నది. అయితే చలనచిత్రములోని వేషమును మాత్రమే పొడిపించుకొన్నచో ఆ సూది నొప్పి వ్యర్థము. పోడు కోల్పోయిన రైతును, కూలి దక్కని కొండవానిని, సముద్రము దాటివచ్చిన మల్లుదొరను కూడ ఆ బొట్టుతోపాటు మనమున నిలుపుకొనవలెను.

పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. ఊరి పేరు మారినను సెల్యులారు జైలు గోడలు అచటనే ఉన్నవి. సెలవు దినములలో పిల్లలను అచటికి తీసికొనిపోవునపుడు, గదులను లెక్కించి వెనుదిరుగక, ఈ కథ వారికి మన తెలుగులో చెప్పుదము. చర్మముపై పొడిచిన బొట్టు దేహముతో పోవును. పిల్లల మనసున పడినది వారి పిల్లలకును అందును.