డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మేలు చేసినవారిని మరచి మేలును మాత్రము అనుభవించుట లోకమున తరచు జరుగుచుండును. తెల్లవారగనే చేతివ్రేళ్లు బిగుసుకొని, నీళ్లబిందె నెత్తజాలక బాధపడుచు, వారమునకొకమారు చిన్నమాత్ర మ్రింగి తిరిగి ఇంటిపనులు చక్కబెట్టుకొనుచున్న తల్లులు నేడు మన గ్రామములలో ఎందరో కలరు. ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేటు. దాని పుట్టుకకు కారకుడు గోదావరీతీరమున పెరిగిన తెలుగువాడని ఎరిగినవారు మాత్రము కొందరే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. కుటుంబము పెద్దది; కలిమి స్వల్పము. బాల్యమున చదువుపై మనస్సు నిలువక, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణములోని హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థులైరి. పిదప మదరాసు వైద్యకళాశాలయందు చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని శస్త్రచికిత్సాశాలయందు ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులైరి. దాని ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, తక్కువస్థాయిదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

యౌవనముననే ఆయనకు గొప్ప దుఃఖము సంభవించెను. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధివలన ఇద్దరు సోదరులు కొలదిదినముల యెడమున మరణించిరి. ఆ వ్యాధియే తమకును సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన బ్రతికి బయటపడిరి. రోగమునకు మూలమేమో, మందు ఏలాగున పనిచేయునో తెలిసికొనవలెనను పట్టుదల ఆయనలో నాటుకొనెను. భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, మామగారి సాయముతో 1922-23 ప్రాంతమున అమెరికా చేరిరి. ఆయన వెళ్లిన పిదప జన్మించిన కుమారుడు శైశవముననే గతించెను. కన్న బిడ్డను ఆయన కన్నులార చూడలేదు. మరల స్వదేశమునకును రాలేదు.

బోస్టను నగరమున పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పనిచేసి పొట్టపోసికొనిరి. ఆచార్య ఫిస్కేతో కలసి, రక్తాదులలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను ఈ జంట కనుగొనినది. 1930లో డాక్టరేటు లభించెను. ఇంతటి పని చేసియు హార్వర్డున స్థిరమైన ఆచార్యపదవిని పొందజాలక, 1940లో లెడర్లీ ఔషధసంస్థయందు చేరి, అనతికాలముననే పరిశోధనాధ్యక్షులైరి.

అచట ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పు మందు అదియే! సోదరులను బలిగొన్న వ్యాధికి ప్రతీకార మిట్లు జరిగెను. పిదప ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను ఆ బృందము నిర్మించెను. వానిలో ఎమినాప్టెరిన్ అనుదానిని బోస్టను వైద్యుడు ఫార్బరు రక్తక్యాన్సరుతోనున్న 16 మంది పిల్లలకొసగగా 10 మందికి తాత్కాలికముగా నైనను ఉపశమనము కలిగినట్లు 1948లో వెల్లడియయ్యెను. దాని సోదరౌషధమే మెథోట్రెక్సేటు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ ఈ బృందపు కృషిఫలమే. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు తమ 53వ యేట నిద్రలో గుండె ఆగి పరమపదించిరి.

తమ మందు కీళ్లరోగులకు ఉపకరించునని ఆయన ఎరుగరు. 1951లో గుబ్నరు అను అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు ఎమినాప్టెరినును రుమటాయిడ్ కీళ్లవాతమున్నవారి కొసగి, వాపు తగ్గుట గమనించిరి. కాని కార్టిజోను మహిమ లోకమును ముంచెత్తిన కాలమది. 1950లో దానికి నోబెలు బహుమానమును లభించియుండెను. అందుచే ఆ పరిశీలనకు తగిన ఆదరము కలుగలేదు. కార్టిజోను దీర్ఘకాలము వాడినచో ఎముకలు గుల్లబారుట మొదలగు కీడులు కలుగునని తెలిసిన పిదపనే మెథోట్రెక్సేటువైపు వైద్యుల దృష్టి మరలెను. 1985లో క్రమపద్ధతి నొనర్చిన పరీక్షలు దాని గుణమును స్థిరపరచెను; 1988లో అమెరికా ప్రభుత్వము కీళ్లవాతమునకు దానిని అనుమతించెను. నేటికిని ఆ వ్యాధికి వైద్యులు ముందుగా ఎన్నుకొను మందు అదియే.

ముదిమిలో మోకాళ్లరుగుట వేరు. ఈ వ్యాధి వేరు. శరీరరక్షణకై యున్న శక్తి దారితప్పి, కీళ్లలోపలి పొరపైననే దండెత్తుట దీని స్వరూపము. ఉదయమున గంటకుపైగా బిగువు, రెండుచేతుల చిన్నకీళ్లలో వాపు దీని గురుతులు. పురుషులకంటె స్త్రీలకు రెండుమూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ఉపేక్షించినచో వ్రేళ్లు శాశ్వతముగా వంకరపోవును. మెథోట్రెక్సేటు నొప్పిమందు కాదు, వ్యాధివేగమును అణచునది. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వారమునకొక్క దినమే మ్రింగవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులకిది నిషిద్ధము. రక్తమును, కాలేయమును అప్పుడప్పుడు పరీక్షింపవలెను. దుష్ఫలితములు తగ్గుటకై వైద్యులు దీనికి తోడుగా ఇచ్చునది ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము తయారుచేసిన మందును, దానికి విరుగుడుగా నిర్మించిన మందును ఒకే రోగికి ఒకే వారమున ఉపకరించుట వింతగొలుపు సంగతి.

1995లో భారతప్రభుత్వము శతజయంతి తపాలాబిళ్ల వెలువరించి ఆయనను స్మరించెను. పరీక్షలో రెండుమారులు తప్పిన పల్లెబాలుడు, చదువు నెన్నడును విడువకుండుటచే, ఎరుగని కోట్లజనులకు ఆరోగ్యదాత యయ్యెను. గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఆ ఒక్క విషయమును మనస్సున నిలుపుకొనినను ఆయన ఋణము కొంత తీరినట్లే. కీళ్లవాతమును కర్మఫలమని సహించుచు ఇంట కూర్చున్న తల్లిని సకాలమున వైద్యునివద్దకు తీసికొనిపోయినచో, మిగిలినదియు తీరును.